వంటింటి సొరుగులకు మళ్ళీ రంగు: ఇంట్లోనే వేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో 2012లో చేయించిన వంటింటి సొరుగులు ఎనిమిది. ఆరింటికి తెల్ల ఎనామెల్, పొయ్యి కింద ఉన్న రెండు పెద్దవాటికి సన్‌మైకా. చెయ్యి తగిలే పై అంచుల్లో రంగు లేచి లోపలి చెక్క కనిపిస్తోంది, మిగతా తెలుపంతా పసుపెక్కింది. పెయింటరేమో "మొత్తం డ్యూకో కొట్టిద్దాం సార్" అంటున్నాడు (డ్యూకో అంటే స్ప్రే కొట్టే లక్కరు రంగు). మీరు ఒక డబ్బా ఎనామెల్ తెచ్చి సొంతంగా వేసుకోవచ్చా అని అడుగుతున్నారు.

ఆరింటికీ నిక్షేపంగా వేసుకోవచ్చు. సన్‌మైకా రెండింటినీ రంగు జోలికి తీసుకెళ్ళకపోవడమే మేలు, కారణం కింద చెప్తాను. డబ్బా మూత తీసి నేరుగా పాత రంగు మీద పూస్తే మాత్రం కొన్ని నెలల్లోనే అవే అంచుల దగ్గర పొరలు పొరలుగా లేస్తుంది. ఆరు సొరుగులకు ఒక కోటు పూయడానికి గంట పట్టదు. దాని ముందు కడగడం, ఎమ్రీ (గరుకు కాగితం) పట్టడం, లప్పం (గుంటలు పూడ్చే పుట్టీ) పెట్టడం కలిపి ఒకటిన్నర రోజు తీసుకుంటాయి. ఆ ఒకటిన్నర రోజును తగ్గించుకుందామని చూసినవాళ్ళ సొరుగులే మళ్ళీ నా దగ్గరికి వస్తుంటాయి.

ముందు చెక్క ఏమిటో చూడండి. ఒక హ్యాండిల్ విప్పి ఆ రంధ్రం లోపలికి టార్చ్ వేయండి. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. పిండి ముద్దలా ఒకే రంగులో నున్నగా ఉంటే ఎండీఎఫ్. చెక్క పొట్టు అతికించినట్టు గరుగ్గా ఉంటే పార్టికల్ బోర్డు. ప్లైవుడ్, పాత టేకు అయితే చింత లేదు. ఎండీఎఫ్ అయితే అంచులు నీళ్ళు పీల్చుకుంటాయి కాబట్టి కడిగేటప్పుడు జాగ్రత్త. పార్టికల్ బోర్డు కింది అంచు ఇప్పటికే ఉబ్బి ఉంటే దానికి రంగు వేయడం దండగ. ఒకసారి ఉబ్బిన పొట్టు మళ్ళీ కుదించుకోదు, ఎంత లప్పం పెట్టినా తర్వాతి వానాకాలానికి పగులుతుంది. ఆ ఒక్క ముఖం (సొరుగు ముందు పలక) వరకు 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క అదే కొలతకు కోయించి మార్చేయండి. సొరుగు పెట్టె మొత్తం మార్చనక్కర్లేదు, ముఖం సాధారణంగా లోపలి నుంచి నాలుగు స్క్రూలతోనే ఉంటుంది.

మీ రంగు 2012 నాటిది, ఒక మాట గుర్తుంచుకోండి. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకు ముందు కొన్న ఎనామెల్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. అందుకని పొడిగా ఉండగా మిషన్ సాండర్ పెట్టి దుమ్ము లేపొద్దు. వాటర్ పేపర్‌ను తడిపి చేత్తో రుద్దండి, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకోండి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ గదికి దూరంగా ఉంచండి. రాలిన తుక్కును తడిగుడ్డతో తుడిచి కవరులో కట్టి పారేయండి. చీపురు పెట్టి ఊడిస్తే అదంతా గాల్లోకి లేస్తుంది.

ఇక పని. సొరుగులు విప్పేటప్పుడు ఒక్కోదానికి లోపల టేపు అంటించి నంబరు రాయండి. చూడ్డానికి అన్నీ ఒకే కొలతలా ఉంటాయి గానీ కార్పెంటరు ఒక్కోదాన్ని దాని గూటికి తగ్గట్టు సరిచేసి ఉంటాడు, మారితే బిగుస్తాయి. టెలిస్కోపిక్ ఛానల్ (సొరుగు జారే ఇనుప పట్టాలు) అయితే పూర్తిగా లాగాక రెండు పక్కలా నల్ల ప్లాస్టిక్ మీట కనిపిస్తుంది. చాలావాటిలో ఒక పక్క పైకి, రెండో పక్క కిందికి ఒత్తి ముందుకు లాగితే ఊడి వస్తుంది. హ్యాండిళ్ళు, తాళాలు అన్నీ తీసేయండి. హ్యాండిల్ చుట్టూ టేపు వేసి పూద్దామనుకోకండి, ఆ టేపు గీత దగ్గరే రంగు మొదట లేస్తుంది.

ఎమ్రీ కంటే ముందు జిడ్డు. ఈ వరస తలకిందులైతే మొత్తం పని పోతుంది. తాలింపు ఆవిరి ఏళ్ళ తరబడి పేరుకుని రంగు మీద కంటికి కనపడని జిగురు పొరగా ఉంటుంది. దాన్ని తీయకుండా ఎమ్రీ పడితే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది, ఇక ఏ ప్రైమరూ పట్టదు. లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక పెద్ద చెంచా బట్టల సోడా కలిపి, గ్లౌజులు వేసుకుని, స్పాంజి బాగా పిండి తుడవండి. తర్వాత మంచి నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో రెండుసార్లు తుడవాలి. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళే అయితే చివరి తుడుపుకు ఫిల్టర్ నీళ్ళు వాడండి. మన బోరు నీళ్ళ ఉప్పదనానికి సోడా తోడైతే ఆరాక తెల్లటి పొడి మిగులుతుంది, రంగు ఆ పొడిని పట్టుకుంటుంది తప్ప చెక్కను కాదు.

కడిగాక వేలితో రుద్ది చూడండి. కీచుమంటే శుభ్రం, జారితే ఇంకోసారి. ఒక రాత్రి ఫ్యాను కింద ఆరనివ్వండి.

ఇక్కడే ఇంకో తంటా ఉంది. ఛానల్ కిర్రుమంటోందని ఎప్పుడో స్ప్రే కొట్టి ఉంటారు, లేదా మెరుపు కోసం ఫర్నిచర్ పాలిష్ రాసి ఉంటారు. వాటిలో సిలికాన్ ఉంటే రంగు వేసిన నిమిషంలోనే చేపకళ్ళలా గుండ్రటి గుంటలు పడతాయి, పైన ఎన్ని కోట్లు వేసినా (రూపాయలు కాదు లెండి) పూడవు. అనుమానం ఉన్న చోట సోడాతో కడిగి ఆరాక, టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో రెండుసార్లు తుడవండి, ప్రతిసారీ గుడ్డ మార్చాలి. అదే గుడ్డతో తుడిస్తే సిలికాన్‌ను అంతటా పూసినట్టే.

ఎమ్రీకి వస్తే, గట్టిగా ఉన్న పాత రంగు మొత్తం గీకేయాల్సిన పని లేదు. మెరుపు పోతే చాలు. లేచిన చోట లప్పం పట్టీతో గీకి, ఆ అంచు చేతికి మెట్టులా తగలకుండా 180 నంబరుతో చదును చేసి, మొత్తం మీద 220 పట్టండి. ఎండీఎఫ్ బయటపడిన చోట నీళ్ళకు బదులు పేపరును టర్పెంటైన్‌లో తడపండి, దుమ్మూ లేవదు, చెక్కా ఉబ్బదు.

మీ సొరుగులకు పై అంచునే రంగు ఎందుకు పోయిందో ఆలోచించారా? చెయ్యి తగలడం సగం కారణం. మిగతా సగం ఆ అంచు కత్తిలా పదునుగా ఉండటం. తడి రంగు పదునైన మూల మీద నిలవదు, రెండు పక్కలకూ జారి అక్కడ పొర పల్చబడుతుంది. అంటే ఎక్కువ రాపిడి తగిలే చోటే తక్కువ రంగు. అందుకని ప్రతి అంచునూ 180 పేపరుతో ఒక మిల్లీమీటరు మేర గుండ్రం చేయండి. సొరుగుకు రెండు నిమిషాల పని. చాలామంది పెయింటర్లు అడిగితే తప్ప చేయరు.

లప్పం అంటే గోడకు పెట్టే సిమెంటు పుట్టీ కాదు. ఇంట్లో మిగిలిందని అదే పూస్తుంటారు. అది చెక్కతో పాటు కదలదు, సొరుగు నాలుగుసార్లు దబ్బున మూస్తే పెచ్చులా ఊడుతుంది. చిన్న గీతలకు, పల్చటి గుంటలకు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ చాలు, పల్చగా పెట్టి ఆరాక మళ్ళీ పెట్టాలి. రెండు మిల్లీమీటర్లు దాటిన గుంటకు, విరిగిన మూలకు కార్ల బాడీ షాపుల్లో వాడే పాలియెస్టర్ పుట్టీ. వంద గ్రాములకు రెండు గ్రాముల హార్డ్‌నర్ కలిపితే పావుగంటలో గట్టిపడుతుంది, కాబట్టి గోలీ అంతే కలుపుకోండి. వేగంగా ఆరుతుందని హార్డ్‌నర్ ఎక్కువ వేస్తే మాత్రం పైన తెల్ల రంగులోంచి మరకలా తేలుతుంది.

హ్యాండిళ్ళు మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడే తేల్చుకోండి. పాతవాటి రెండు స్క్రూల మధ్య దూరం కొలవండి, మామూలుగా 96, 128, 160 ఎంఎంలలో ఏదో ఒకటి ఉంటుంది. అదే కొలతవి కొంటే కొత్త రంధ్రాలు అక్కర్లేదు. ట్రూప్ బజార్‌లో గానీ రాణిగంజ్‌లో గానీ పాతది ఒకటి చేత్తో పట్టుకెళ్తే పని సులువు. కొలత మారితే పాత రంధ్రాల్లో ఫెవికాల్ రాసిన అగ్గిపుల్లలు దిగ్గొట్టి, ఆరాక కోసి, పైన పుట్టీ.

ప్రైమర్ మానకండి. పాత ఎనామెల్ మీద ఎనామెలే కదా, ప్రైమర్ ఎందుకంటారు. ఇప్పుడు మీ సొరుగు మీద మూడు రకాల నేల ఉంది: పాత రంగు, పచ్చి చెక్క, పుట్టీ. మూడూ రంగును మూడు రకాలుగా పీల్చుకుంటాయి. ప్రైమర్ లేకపోతే ఆరాక పుట్టీ పెట్టిన ప్రతి చోటూ మెరుపు తగ్గి మచ్చలా కనిపిస్తుంది. ఆయిల్ బేస్డ్ తెల్ల వుడ్ ప్రైమర్ ఒక కోటు, పచ్చి చెక్క మీదా ఎండీఎఫ్ అంచుల మీదా రెండు. పాత టేకు సొరుగులున్నవాళ్ళకు ఒక మాట: టేకులోని రంగు పదార్థం నీళ్ళ ప్రైమర్‌లో కరిగి తెలుపులోంచి గోధుమ మరకలుగా పైకి వస్తుంది. అక్కడ ఆయిల్ ప్రైమర్ గానీ లక్క ఆధారిత ప్రైమర్ గానీ తప్పనిసరి. ప్రైమర్ ఒక రోజంతా ఆరాక 320తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడవండి.

ఇక ఏ రంగు? మీ తెలుపు పసుపెక్కడానికి జిడ్డు ఒక్కటే కారణం కాదు. సోడాతో కడిగినా పసుపు పోకపోతే అది రంగు లోపలిదే. ఆయిల్ ఎనామెల్‌లోని ఆల్కిడ్ రెసిన్‌కు వెలుతురు లేని చోట పసుపెక్కే గుణం ఉంది. అందుకే సొరుగు ముఖం వెనక వైపు, అంటే ఎప్పుడూ చీకట్లో ఉండే వైపు, ముందు వైపు కంటే ఎక్కువ పచ్చగా ఉంటుంది. మీదే ఒకటి తిప్పి చూడండి. కాబట్టి తెలుపు, ఐవరీ వేయాలంటే నీళ్ళతో కలిపే వాటర్ బేస్డ్ ఎనామెల్ తీసుకోండి, ముదురు రంగులైతే ఆయిల్ ఎనామెల్‌తో ఇబ్బంది లేదు. ఏషియన్ పెయింట్స్, బెర్జర్, నెరోలాక్ లాంటి పెద్ద కంపెనీలన్నిటికీ రెండు రకాలూ ఉన్నాయి. బ్రాండు కోసం నేను తలబాదుకోను. ఫినిష్ మాత్రం శాటిన్ (సగం మెరుపు). పూర్తి మెరుపుండే గ్లాసీలో ప్రతి గుంటా కనిపిస్తుంది, మెరుపు లేని మ్యాట్‌లో పసుపు చేతి మరక పడితే పోదు.

వాటర్ బేస్డ్‌కు ఒక లోపం ఉంది. ముట్టుకుంటే గంటలో ఆరినట్టే ఉంటుంది గానీ లోపల పూర్తిగా గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆలోపు రెండు రంగు ముఖాలు ఒకదానికొకటి ఒత్తుకుంటే అతుక్కుంటాయి, లాగితే పొర ఊడి వస్తుంది.

ఎంత కొనాలి? ఆరు చిన్న సొరుగుల ముఖాలు ఒక్కోటి 18 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు అనుకుందాం. ఒక్కోటి చదరపు అడుగు. ముందూ వెనకా అంచులూ కలిపితే ఆరింటికీ 13, 14 చదరపు అడుగులు. చేత్తో వేసేటప్పుడు లీటరుకు ఒక కోటుకు దాదాపు వంద చదరపు అడుగులు లెక్కేసుకోండి. రెండు కోట్లకు 300 మిల్లీలీటర్లు కూడా పట్టదు. అర లీటరు రంగు, అర లీటరు ప్రైమర్ చాలు, గూడు ఫ్రేములకూ వేయాలనుకుంటే లీటరు రంగు. ఎమ్రీ 180, 220, 320 తలా నాలుగు షీట్లు. నాలుగు అంగుళాల ఫోమ్ రోలరు రెండు, అంగుళంన్నర బ్రష్షు ఒకటి. బ్రష్షు దగ్గర పీనాసితనం చేయకండి, చవకది వెంట్రుకలు రాల్చి మీ చేత తిట్లు తినిపిస్తుంది.

పల్చన చేసే ద్రవం విషయంలో షాపువాడు ఏది ఇస్తే అది తెచ్చుకోవద్దు. ఆయిల్ ఎనామెల్‌కు మినరల్ టర్పెంటైన్, నూటికి ఐదు పాళ్ళు మించకుండా. వాటర్ బేస్డ్‌కు నీళ్ళు, అదీ డబ్బా మీద చెప్పినంతే. "థిన్నర్ ఇవ్వు" అంటే చాలా చోట్ల ఎన్‌సీ థిన్నర్ చేతిలో పెడతారు. దాన్ని ఎనామెల్‌లో కలిపితే కింద ఉన్న పాత పొర మెత్తబడి ముడతలు పడుతుంది, అక్కడి నుంచి మొత్తం గీకడం తప్ప దారి లేదు. కిరోసిన్ కలిపితే రోజులు గడిచినా బంక బంకగానే ఉంటుంది.

వేసే పద్ధతి: నేల మీద పేపరు పరిచి, నాలుగు సీసా మూతల మీద సొరుగు ముఖాన్ని పడుకోబెట్టండి. ముందు వెనక వైపు వేయండి, ఆరాక తిప్పి ముందు వైపు. అంచులు బ్రష్షుతో మొదట, ఆపై ముఖం రోలరుతో, వెంటనే పొడి బ్రష్షు చివరతో ఒకే దిక్కుకు పొడుగ్గా తేల్చేయాలి. ఒకసారి తేల్చాక మళ్ళీ ముట్టుకోకండి. అక్కడ ఏదో గీత కనిపించిందని ఐదు నిమిషాల తర్వాత బ్రష్షు పెడితే సగం ఆరిన పొర చిరిగి ఇంకా అసహ్యంగా తయారవుతుంది, ఆరాక 320 పట్టి తర్వాతి కోటులో సరిచేయాలి. కోటు పల్చగా ఉండాలి, కింది పొర మసగ్గా కనిపించినా ఫర్వాలేదు. రెండు కోట్ల మధ్య వాటర్ బేస్డ్‌కు నాలుగు గంటలు, ఆయిల్‌కు ఒక రాత్రి పూర్తిగా.

సొరుగు పెట్టె పక్కలకు, ఛానల్ బిగించే చోటుకు రంగు వేయొద్దు. పాతకాలం చెక్క మీద చెక్క జారే సొరుగులకైతే అసలే వద్దు, అక్కడ కొవ్వొత్తి రుద్దితే చాలు. ముఖం గూటి లోపలికి దిగే రకమైతే చుట్టూ సందు ఎంతుందో ముందే చూడండి. ప్రైమరూ రెండు కోట్లూ కలిపి ఒక్కో అంచుకు పదోవంతు మిల్లీమీటరు పైనే పెరుగుతుంది. ఇప్పటికే వానల్లో బిగుస్తున్న సొరుగైతే ఆ అంచు ముందే కాస్త ఎక్కువ ఎమ్రీ పట్టాలి.

కాలం, చోటు. మన ఊళ్ళో ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో రంగు బ్రష్షు కిందే ఆరిపోయి గీతలు మిగులుతాయి, తప్పదంటే పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. వేగంగా ఆరుతాయని మిద్దె మీద ఎండలో పెడితే బుడగలు లేస్తాయి. తొలకరి వానలప్పుడు సాయంత్రం లైటు వేసుకుని పూయొద్దు, ఉసిళ్ళు వచ్చి తడి రంగులో అతుక్కుంటాయి, వాటి రెక్కలు ఏరడం నరకం. పక్కన ఎక్కడైనా గ్రానైటు కోత నడుస్తుంటే బాల్కనీ కూడా వద్దు. తలుపు మూసి, కిటికీ కొంచెం తెరిచిన గది మేలు. పూసేటప్పుడు ఫ్యాను ఆపి, గంట తర్వాత చిన్నగా పెట్టుకోండి. ఆయిల్ రంగు, టర్పెంటైన్ వాడుతుంటే ఆ దరిదాపుల్లో పొయ్యీ, దేవుడి దగ్గర దీపమూ వెలిగి ఉండకూడదు.

ఇప్పుడు ఆ సన్‌మైకా రెండు. దాని పై పొర మెలమైన్ రెసిన్. రంగు పీల్చుకోవడానికి అందులో సందే లేదు, పైగా మీవి పొయ్యి కింద వేడికి, ఆవిరికి ఉన్నాయి. మామూలు వుడ్ ప్రైమర్ వేస్తే గోరు పెట్టి గీకితే వచ్చేస్తుంది. చేసే దారి లేకపోలేదు: 180తో మెరుపు పూర్తిగా చచ్చేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, హార్డ్‌నర్ కలిపే రెండు భాగాల పీయూ (పాలీయురెథేన్) ప్రైమర్ వేసి, పైన పీయూ రంగు. కానీ పీయూ హార్డ్‌నర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చెడ్డది. దానికి ఎన్95 పనికిరాదు, సరైన కార్ట్రిడ్జి మాస్కు కావాలి. రెండు సొరుగుల కోసం ఇంట్లో పెట్టుకునే పని కాదు. కార్పెంటరుతో ఆ రెండు ముఖాలకు పాత షీటు లేపించి కొత్త 1 ఎంఎం షీటు అతికించుకోండి, సగం పూటలో అయిపోతుంది. మీరు వేసే రంగుకు దగ్గరి షేడు దొరక్కపోతే కావాలనే వేరే రంగు ఎంచుకోండి. దగ్గర దగ్గరగా ఉండి కలవని రెండు తెలుపుల కంటే అది నయం.

సన్‌మైకా షీటు బాగానే ఉండి అంచు పట్టీ మాత్రం లేచిందా? రెండు వైపులా ఫెవికాల్ ఎస్‌ఆర్ (రబ్బరు జిగురు) పల్చగా రాసి, చేతికి అంటనంత ఆరాక అతికించి గట్టిగా ఒత్తండి. తడిగా ఉండగానే అతికిస్తే మళ్ళీ లేస్తుంది.

డ్యూకో గురించి మీ పెయింటరు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. డ్యూపాంట్ కంపెనీ 1920లలో కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కరు పేరది, మన దగ్గర స్ప్రే కొట్టిన ప్రతిదానికీ ఆ పేరే స్థిరపడింది. అద్దంలాంటి ఫినిష్ వస్తుంది. కానీ అందులోని థిన్నర్ ఘాటు పాత ఎనామెల్‌ను లేపేస్తుంది కాబట్టి మీ సొరుగులకు కొట్టాలంటే పాత రంగంతా చెక్క దాకా తీయాల్సిందే. "పైనే కొట్టేస్తా" అంటే ఒప్పుకోకండి. తీసి కొడతానంటే, వర్క్‌షాపుకు తీసుకెళ్ళి చేస్తానంటే, అప్పుడు లెక్క అడగండి.

చివరి కోటు తర్వాత కనీసం రెండు రోజులు ఆగి బిగించండి. హ్యాండిల్ స్క్రూ చివర్లో డ్రిల్లుతో కాకుండా చేత్తో తిప్పండి, లేత రంగు వాషరు కింద నలిగి చుట్టూ పగులుతుంది. ప్రతి ముఖం వెనక పై మూలల్లో రెండు చిన్న రబ్బరు బంపర్ బటన్లు అంటిస్తే ఫ్రేముకు అతుక్కునే బాధ ఉండదు. నెల రోజులు పచ్చ పీచుతో తోమొద్దు, తడిగుడ్డే. మిగిలిన రంగును ఖాళీ జామ్ సీసాలో అంచుదాకా నింపి (పైన గాలి ఉంటే మీగడ కడుతుంది) మూత మీద షేడ్ నంబరు, తేదీ రాసి పెట్టుకోండి. టర్పెంటైన్ మిగిలితే సింకులో పోయకండి, మూత బిగించి ఉంచితే అడుగున మడ్డి దిగి పైది మళ్ళీ బ్రష్షు కడగడానికి పనికొస్తుంది.